సైప్రస్ నూనె రాసిన కాలు

పద్మనాభన్ ఫోన్ చేసేసరికి ఇందుమతి వేలూరు సత్తువాచారిలోని తన చిన్న అంగట్లో నువ్వుల నూనెలో సైప్రస్ నూనె చుక్కలు కలుపుతోంది. బావ పగటిపూట ఫోన్ చేసే మనిషి కాదు. మగ్గం దగ్గర కూర్చున్నాడంటే అన్నానికి పిలిచేదాకా తల ఎత్తడు. అందుకే ఆమె చేతిలోని గాజుకడ్డీ పక్కన పెట్టి వెంటనే ఫోన్ తీసింది.

నూనె అయిపోయిందని, ఇంకో సీసా గుడియాత్తం బస్సులో పంపమని అడిగాడు. మీ అక్క కాలు నిన్నటినుంచి బాగా వాచిపోయింది, రాత్రంతా మూలిగింది అని చెప్పాడు.

"రెండు కాళ్ళూనా బావా?"

"లేదుమ్మా, ఎడమకాలు మాత్రమే. పిక్క రాయి మాదిరి ఉండాది. చెయ్యి పెడితే కాలతా ఉండాది."

పొద్దున కూడా సీసా అడుగున మిగిలిన నూనెతో తాను రుద్దానని, అక్క కోకిల ఏడ్చిందని, ఇక లాభం లేదని దేవేంద్రన్ మామకు కబురు పంపానని చెప్పాడు. దేవేంద్రన్ ఆయన మేనమామ. ఎముకలు కట్టడం, బెణుకులు తీయడం ఆయనకు వాళ్ళ నాయన నేర్పిన విద్య. మధ్యాహ్నం వచ్చి కాలు లాగి సరిచేస్తానన్నాడట.

"బావా, రుద్దొద్దు. నువ్వు రుద్దొద్దు, మామని రుద్దనియ్యొద్దు. అక్కని కదలకుండా పండుకోబెట్టు. నేను వస్తా ఉండా."

అటువైపు వీధి నిండా మగ్గాల చప్పుడు. ఆమె మాట ఆయనకు ఎంత వినబడిందో తెలియదు. "సరి సరి, నూనె తీసుకోని రా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె కలిపిన నూనె సీసా సంచిలో పడేసుకుని, అంగడి తలుపు లాగి తాళం వేసి బస్సుకు పరుగెత్తింది.

కోకిల ఇందుమతికి అక్క మాత్రమే కాదు. అమ్మ పోయాక ఇందుమతిని పెంచింది కోకిలే. చెల్లెలు బడికి పోవాలని తాను బడి మానేసి గుంట మగ్గంలోకి దిగింది. పెళ్ళయ్యాక అత్తవారింట్లోనూ అదే మగ్గం, అవే లుంగీలు. రోజంతా గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చోవడం, తొక్కుడు చెక్కలు తొక్కడం. కొన్నేళ్ళకు పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, మెలికలు తిరిగి, సాయంత్రానికి కాళ్ళు బరువెక్కేవి.

ఇందుమతి చదువు అయ్యాక కూనూరు దగ్గర కొండ మీద ఆకుల నుంచి నూనె తీసే ఒక బట్టీలో పని నేర్చుకుంది. సైప్రస్ చెట్టును మొదటిసారి చూసింది అక్కడే. కొమ్మలు పక్కకు చాచకుండా నిటారుగా పైకి పోయే చెట్టు. ఆకు సవుకు, అంటే సరుగుడు చెట్టు, ఆకులా సన్నగా ఉంటుంది కాబట్టి పనివాళ్ళు దాన్ని కూడా సవుకనే పిలిచేవాళ్ళు. లేత రెమ్మలను రాగి పాత్రలో కూరి, కింద నీళ్ళు మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చితే నీళ్ళ మీద పలచటి తెట్టులా నూనె తేలేది. గోనె నిండా ఆకు పోస్తే చిన్న సీసాకు సరిపడా వచ్చేది. అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన, అందులో కొంచెం నిమ్మతొక్క ఘాటు.

పని నేర్పిన సురేంద్రన్ ఆ చెట్టు కథ చెప్పేవాడు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల చెట్టు అది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని అక్కడివాళ్ళు సమాధుల దగ్గర నాటుతారు. చెక్క తొందరగా కుళ్ళదు కాబట్టి పూర్వం ఓడలకు, గుడి తలుపులకు, శవపేటికలకు వాడేవాళ్ళు. నూనెను దగ్గుకు ఆవిరి పట్టేవాళ్ళు, చెమటలు పట్టే పాదాలకు రాసేవాళ్ళు, అలసిన కాళ్ళకు మర్దన చేసేవాళ్ళు. ఇంత చెప్పి చివర్లో ఒక మాట తప్పకుండా అనేవాడు. ఇది తోడు, మందు కాదు. ఒక్క కాలు మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడితే దాన్ని ముట్టుకోకూడదు. సీసా మూత కూడా తీయకుండా ఆసుపత్రికి పంపాలి.

అక్కకు మొదటి సీసా తెచ్చిచ్చినప్పుడు ఇందుమతి ఆ చెట్టు కథంతా చెప్పింది. "శ్మశానంలో చెట్టు నూనె నా కాళ్ళకి పూస్తావా నువ్వు?" అని కోకిల నవ్వింది. ఆమె అత్త పాపాతి నవ్వలేదు. కానీ నూనె పని చేసింది. నరాల ఉబ్బు తగ్గలేదు గానీ బరువు తగ్గినట్టుండేది, నిద్ర పట్టేది. దీపాలు పెట్టే వేళకు పద్మనాభన్ భార్య పాదాలు ఒళ్ళో పెట్టుకుని, మడమ నుంచి మోకాలి దాకా మెల్లగా రాసేవాడు. పెద్దగా మాటలు రాని మనిషి. ఆ కాస్సేపట్లోనే వాళ్ళిద్దరూ రోజంతా మాట్లాడుకోని మాటలు మాట్లాడుకునేవాళ్ళు.

పోయిన నెల కోకిలకు విషజ్వరం వచ్చింది. చాలా రోజులు మంచం దిగలేదు. నీళ్ళు కూడా సరిగా తాగలేదు. లేచీ లేవగానే మళ్ళీ మగ్గం గుంటలోకి దిగింది.

బస్సులో కూర్చుని ఇందుమతి ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటుంటే భయం పెరిగింది. బావకు మళ్ళీ ఫోన్ చేసింది, ఎత్తలేదు. పక్కింటి వళ్ళికి చేసింది. వళ్ళి ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో పనిలో ఉంది, సాయంత్రం గానీ రాదు. మళ్ళీ బావకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తాను అనవసరంగా భయపడుతోందేమో, అది ఉత్త బెణుకేమో అని కూడా అనుకుంది. అలా అనుకున్నంతసేపు బాగానే ఉండేది. కాలతా ఉండాది అన్న బావ మాట గుర్తుకొచ్చేసరికి మళ్ళీ ఫోన్ నొక్కేది.

గుడియాత్తంలో దిగి ఆటో పట్టుకుని వీధి మొదటికి వచ్చింది. అన్ని ఇళ్ళలోనూ మగ్గాలు ఆడుతున్నాయి. అక్క ఇంట్లో ఆడటం లేదు.

లోపల కోకిల చాప మీద పడుకుని ఉంది. ఎడమకాలు దేవేంద్రన్ ఒళ్ళో ఉంది. పక్కన వేడి ఆముదం గిన్నె. ఆయన రెండు బొటనవేళ్ళూ పిక్క మీద ఆనించి, కింది నుంచి పైకి నొక్కడం అప్పుడే మొదలుపెట్టాడు. కోకిల కొంగు నోట్లో కుక్కుకుంది. పద్మనాభన్ ఆమె భుజాలు పట్టుకుని ఉన్నాడు.

ఇందుమతి చెప్పులు కూడా విడవకుండా పోయి, ఆయన చేతులకూ అక్క కాలికీ మధ్య తన అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యండి మామా."

దేవేంద్రన్ కోపగించుకోలేదు. చిన్నప్పుడు ఇందుమతి మణికట్టు విరిగితే కట్టింది ఆయనే. "సుళుక్కుమ్మా ఇది" అన్నాడు, బెణికిందని. "నరం మడత పడిండాది. ఒక్కతూరి గట్టిగా లాగితే దిగిపోతాది."

"నరం కాదు మామా. లోపల రక్తం గడ్డ కట్టిందేమో అని నా భయం. రుద్దితే ఆ గడ్డ ఊడి పైకి పోతాది. ఊపిరితిత్తుల్లో పోయి అడ్డం పడితే మనిషి నిలవదు."

పాపాతి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె గొంతు పెంచలేదు, అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. "ఇన్నాళ్ళూ రాసింది నీ నూనే కదా. శ్మశానంలో చెట్టు అని నీ నోటితో నువ్వే చెప్పినావు. నీ నూనె పూస్తే ఏమీ కాదు, మా అన్న చెయ్యి పెడితే ప్రాణం పోతాదా?"

తన నూనె వల్లేనేమో అన్న అనుమానం ఒక్క క్షణం ఇందుమతికీ వచ్చింది. పద్మనాభన్ ఆమె వైపూ తల్లి వైపూ చూస్తున్నాడు. దేవేంద్రన్ చేతులు ఇంకా కాలి మీదే ఉన్నాయి.

"నా నూనె వల్లే అనుకోండి అత్తా" అంది చివరికి. "ఆసుపత్రికి పోయినాక నన్ను ఎంత తిట్టినా పడతాను. ఇప్పుడు మాత్రం ఆ కాలు మీద ఎవ్వురూ చెయ్యి పెట్టొద్దు."

ఆసుపత్రి మాట వినగానే కోకిల నోట్లో కొంగు తీసింది. పడుగు ఇంకా కొంచెమే ఉందని, అది నేసేసి రేపు పోదామని అంది. మాట పూర్తి చేయడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. ఇందుమతి అది గమనించింది.

"అక్కా, ఊపిరి ఎట్లుండాది? నిజం చెప్పు."

కోకిల మొగుడి వైపు చూసింది. "పొద్దున గుంటలోనుంచి లేచేటప్పుడు ఎదలో పట్టేసినట్టు ఉండె. మళ్ళీ పోయింది. చెప్తే ఈయన భయపడతాడని..."

ముందు కదిలింది దేవేంద్రనే. రెండు చేతులూ మెల్లగా కాలి మీది నుంచి తీసి, భుజం మీది తువ్వాలుతో నూనె తుడుచుకున్నాడు. నా చేతికి ఇది అందే పని కాదు అని చెల్లెలితో అన్నాడు. తర్వాత కోకిలను ఎలా ఎత్తాలో తానే దగ్గరుండి చెప్పాడు. కాలు మడవకూడదు, వేలాడనివ్వకూడదు, చాప అంచులు నలుగురూ పట్టుకుని బల్లలా లేపాలి. నలభై ఏళ్ళుగా విరిగిన కాళ్ళను మోయించిన మనిషి గొంతు అది. నలుగురూ ఆయన చెప్పినట్టే చాప లేపారు.

వీధి చివర ఆనంద్‌రాజ్ అనే అతను లుంగీ కట్టలు వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. సంగతి వినగానే సగం కట్టలు కిందికి దించి, మిగిలినవి పరుపులా పరిచాడు. కోకిలను వాటి మీద పడుకోబెట్టి ఊరి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు నివేద, వయసు చిన్నదే. టేపుతో రెండు పిక్కలూ కొలిచింది. వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసింది. ఈమధ్య మంచం పట్టిందా అని అడిగింది. కాలు ఎవరైనా రుద్దారా అని అడిగింది.

"నేనే రుద్దినాను మేడం" అన్నాడు పద్మనాభన్. తర్వాత మామ కూడా రుద్దాడని చెప్పలేదు.

ఇంక ఎవరూ ఆ కాలు ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. స్కాను వేలూరులోనే తీయాలని, ఒక్క నిమిషం కూడా ఆగకూడదని చెప్పి తానే అంబులెన్సు పిలిపించింది. వేలూరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి విషయం చెప్పింది.

పాలారు వంతెన దాటేదాకా కోకిల మాట్లాడుతూనే ఉంది. పళ్ళికొండ దగ్గర హైవే ఎక్కే చోట లారీలు అడ్డం వచ్చి బండి నెమ్మదించింది. అప్పుడు ఆమె ఉన్నట్టుండి ఇందుమతి చెయ్యి పట్టుకుంది.

"ఇందూ, గాలి చాల్లేదు."

ముఖం మీద చెమట పోసింది. పెదాల రంగు మారింది. అంబులెన్సులోని నర్సు ఆక్సిజన్ మాస్కు తగిలించి, ముందుకు వంగి డ్రైవరుతో ఏదో అన్నాడు. సైరను మోగుతూనే ఉంది. లారీలు ఒక్కొక్కటిగా పక్కకు జరిగాయి. ఆ జరగడం ఎంత నెమ్మదిగా ఉందంటే ఇందుమతికి దిగి వాటిని చేతులతో తోసేయాలనిపించింది.

పద్మనాభన్ కాళ్ళ వైపు కూర్చున్నాడు. భార్యకు నొప్పి పుడితే ఆయన చేతికి తెలిసింది ఒకటే. అలవాటుగా చెయ్యి ఆమె పాదం మీదికి పోయింది. తాకబోయి నిప్పు ముట్టినట్టు వెనక్కి లాక్కున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుని, "కోకిలా, నా తట్టు చూడు, కండ్లు మూయొద్దు" అని దారంతా చెబుతూ వచ్చాడు.

వేలూరులో వాకిట్లోనే మనుషులు సిద్ధంగా ఉన్నారు. స్ట్రెచరు లోపలికి పోయింది, తలుపు మూసుకుంది.

చాలాసేపటికి ఒక డాక్టరు బయటికి వచ్చాడు. తొడ లోపలి రక్తనాళంలో పెద్ద గడ్డ ఉందని, అందులో ముక్కలు విడిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరాయని చెప్పాడు. మందు మొదలుపెట్టారు. రేపు పొద్దుటిదాకా ఏమీ చెప్పలేం అన్నాడు. కాలికి ఏం పూశారని అడిగితే ఇందుమతి సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. ఏ నూనె, ఎంత నువ్వుల నూనెలో ఎన్ని చుక్కలు కలిపిందో చెప్పింది. ఆయన మూత తీసి వాసన చూసి తిరిగి ఇచ్చేశాడు. గడ్డ కట్టింది నూనె వల్ల కాదన్నాడు. జ్వరంతో కదలకుండా పడుకోవడం, నీళ్ళు తాగకపోవడం, ముందునుంచీ నరాలు ఉబ్బి ఉండటం, ఆ మీదట కాళ్ళు వేలాడేసి కూర్చోవడం, ఇవే కారణాలై ఉంటాయన్నాడు. గడ్డ ఉన్న కాలిని నొక్కడం మాత్రం చాలా ప్రమాదం అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇందుమతి వెనక్కి తిరిగి చూస్తే పద్మనాభన్ లేడు.

వరండా చివర కుళాయి దగ్గర కనిపించాడు. సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. కడిగి, వాసన చూసి, మళ్ళీ సబ్బు రుద్దుతున్నాడు. వేళ్ళ సందులు ఎర్రబడ్డాయి. ఆమె పోయి కుళాయి కట్టేసింది.

"నేను రుద్దినందుకేనా ఇందూ?" అని అడిగాడు. "నిజం చెప్పు. పొద్దున అది ఏడస్తా ఉంటే కూడా రుద్దినాను. మంచిదవతాదని ఇంకా గట్టిగా రుద్దినాను."

కాదు అని చెప్పేయడం సులభం. ఆయన ముఖం చూస్తే ఆమెకు అలా చెప్పాలనే అనిపించింది. కానీ ఆయన నిజం అడిగాడు.

"తెలీదు బావా. రుద్దకపోయినా కదిలుండొచ్చు. రుద్దినందుకే కదిలుండొచ్చు. డాక్టరుకి కూడా తెలీదు. నీకు తెలిసి చేసింది కాదు, అది మాత్రం నాకు తెలుసు."

ఆయన తల ఊపాడు. గోడకు ఆనుకుని కింద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. ఇందుమతి పక్కనే కూర్చుంది. తెల్లవారేదాకా ఇద్దరూ ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడటం, మూసుకున్నాక మళ్ళీ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేదు.

పొద్దున డాక్టరు నవ్వలేదు గానీ, గండం గడిచినట్టే అన్నాడు. రక్తపోటు నిలబడింది, ఊపిరి మెరుగైంది. మరునాడు ఇద్దరినీ లోపలికి పోనిచ్చారు.

కోకిల మొగుడి చేతుల వైపు చూసింది. ఆయన వాటిని వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. మంచానికి దూరంగా, ఎవరో కొత్తవాడిలా.

"ఆ చేతులు యాడ దాచిపెట్టుకుంటా ఉండావు?" అంది నెమ్మదిగా. కుళాయి దగ్గర జరిగింది ఇందుమతి చెప్పింది. "వాపు ఉండాదని నాకు మూడు నాలుగు దినాలకు ముందే తెలుసు. చెప్పలేదు. ఈయన రాత్రి కాలు పట్టుకున్నాడు గాబట్టి వేడి తెలిసింది. లేకపోతే నేను గుంటలోనే పొయ్యుంటా, ఎవురికీ తెలియకుండా. తప్పులు ఎంచేదుంటే ముందు నాది ఎంచండి."

అని కోకిల కుడిచెయ్యి మంచం అంచు దాకా జరిపింది. పద్మనాభన్ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. నొక్కలేదు, నిమరలేదు. ఊరికే పట్టుకున్నాడు.

తర్వాత సంగతులు తొందరగా చెప్పొచ్చు. కోకిల ఇంటికి వచ్చింది. రక్తం పలచబడే మాత్రలు చాలా నెలలు వేసుకోవాల్సి వచ్చింది. ఎడమకాలు కుడికాలికంటే కొంచెం లావుగానే ఉండిపోయింది. బిగుతు మేజోడు తొడుక్కోవాలి. గుంట మగ్గంలోకి దిగవద్దన్నారు. ఇప్పుడు ఆమె అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతుంది, కొంచెంసేపు చుట్టి లేచి తిరుగుతుంది. దేవేంద్రన్ ఇప్పటికీ బెణుకులు తీస్తాడు గానీ, ఒక్క కాలే వాచినవాళ్ళు వస్తే ఆముదం వేడి చేయడు. ఇందుమతి సైప్రస్ నూనె అమ్మడం మానలేదు. ఆవిరికి, చెమట పాదాలకు, అలసిన కాళ్ళకు ఇస్తుంది. కొనేవాళ్ళను ముందుగా లోపల కుర్చీలో కూర్చోబెట్టి రెండు కాళ్ళూ చూస్తుంది. దాంతో కొందరు విసుక్కుని వెళ్ళిపోయారు కూడా. పాపాతి ఆమెను ఏనాడూ తిట్టలేదు, క్షమించమనీ అడగలేదు.

రోజూ నడవాలని డాక్టరు చెప్పినందుకు కోకిల పొద్దున్నే కౌండిన్య నది గట్టు మీద నడుస్తుంది. మొదట్లో పద్మనాభన్ వెంట వచ్చేవాడు, ఇప్పుడు అవసరం లేదు. పెళ్ళయి వచ్చాక ఆ ఊళ్ళో మగ్గం, కుళాయి, గుడి తప్ప ఆమె చూసింది లేదు. ఇప్పుడు గట్టు దాటి తోటల దాకా పోతుంది. దారిలో ఎవరో పరిచయమవుతారు. మాటల్లో పడి ఎండ ఎక్కాక గానీ ఇంటికి రాదు. పాపాతి గొణుక్కుంటూ ఆమె కాఫీ మళ్ళీ వేడి చేస్తుంది.